కంపించిన నేలపై గుడులు, సంఘములు: లైకస్ లోయను గూర్చిన ఒక చారిత్రక పరిశీలన

ఆమోసు ప్రవక్త తన గ్రంథమునకు కాలము నిర్ణయించిన తీరు గమనించదగినది. యూదా రాజైన ఉజ్జియా పేరు, ఇశ్రాయేలు రాజైన యరొబాము పేరు చెప్పి ఊరుకోలేదు. తన దర్శనము భూకంపమునకు రెండేండ్ల ముందటిదని కూడా చేర్చాడు. ఏ భూకంపము అన్న వివరణ లేదు, ఎందుకంటే మొదటి పాఠకులకు వివరణ అవసరము లేదు. తరతరములు గడిచిన తరువాత కూడా జెకర్యా గ్రంథము 14వ అధ్యాయములో ఉజ్జియా దినములలోని ఆ భూకంపమునకు జనులు పారిపోయిన సంగతి ప్రస్తావనకు వచ్చింది. 1950వ దశకములో యిగాయేల్ యాదిన్ హాసోరు దిబ్బను త్రవ్వించినప్పుడు క్రీ.పూ. 8వ శతాబ్దపు పొరలో ఒరిగిన గోడలు బయటపడగా, అవి ఈ భూకంపపు ఆనవాళ్లేనని ఆయన తలంచాడు.

విపత్తు ఒక జనాంగపు జ్ఞాపకములో కాలమును కొలుచు గుర్తుగా నిలుస్తుందని దీనివలన తెలుస్తుంది. అయితే అది స్థలమును నిర్ణయించు గుర్తుగా కూడా పనిచేసిందా? గుడి ఎక్కడ కట్టాలి, సంఘ మందిరము ఎక్కడ నిలబెట్టాలి, పాడైన చోటనే మళ్లీ కట్టాలా, వదిలిపోవాలా అన్న నిర్ణయములలో భూకంపములకు, వరదలకు ఏ పాటి భాగమున్నది? ఈ ప్రశ్నను నూతన నిబంధన పాఠకులకు బాగా పరిచయమున్న ప్రాంతమైన చిన్న ఆసియాలోని లైకస్ నది లోయను, దాని పరిసరములను ఆధారము చేసుకొని పరిశీలింప దలచితిమి. కొలొస్సయి, లవొదికయ, హియెరాపొలి అను మూడు పట్టణములు ఈ లోయలోనివే. నేడు ఇది టర్కీ దేశములోని దెనిజ్లి పట్టణ ప్రాంతము.

ఇది పురావస్తు పండితులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఆసియాలోని ఏడు సంఘములను గూర్చి మన తెలుగు సంఘములలో జరిగిన ప్రసంగములకు, ఉజ్జీవ కూటములకు లెక్క లేదు. వాటిలో తరచుగా వినబడే మాట ఒకటున్నది. లవొదికయ శిథిలముల చిత్రము చూపించి, నులివెచ్చని సంఘమునకు దేవుడు చేసిన తీర్పు ఇదేనని చెప్పుట. ఫిలదెల్ఫియ నేటికీ ఊరుగా నిలిచి ఉన్నది, లవొదికయ రాళ్ల కుప్ప అయింది, చూడండి అని ముగించుట. వినుటకు బాగానే ఉంటుంది. అయితే చరిత్ర ఈ మాటను ఆమోదిస్తుందా అన్నది మా సందేహము.

పగులు మీద గుడి

2017వ సంవత్సరములో ఇయాన్ స్టూవర్ట్ అను బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధనా వ్యాసములో సాహసోపేతమైన ప్రతిపాదన చేశాడు. ఏజియన్ సముద్ర ప్రాంతములోని ప్రాచీన గ్రీకుల పవిత్ర స్థలములు కొన్ని భూమి పొరలలోని పగుళ్ల మీద పొరపాటున గాక, తెలిసియే కట్టబడినవని ఆయన వాదము. భూకంపము వచ్చినప్పుడు నేల చీలుతుంది, కొత్త ఊటలు పుడతాయి, పాతవి ఎండిపోతాయి, కొన్ని చోట్ల విషవాయువులు బయటికి వస్తాయి. ఇట్టి చోటు పాతాళమునకు ద్వారమని జనులు భయపడి, అక్కడనే గుడి కట్టారని ఆయన భావము. డెల్ఫీ, మైసీనే, ఎఫెసు, క్నీదు, హియెరాపొలి ఆయన చూపిన ఉదాహరణలు.

వీటిలో డెల్ఫీ మన పాఠకులకు పరోక్షముగా తెలిసినదే. ఫిలిప్పీలో పౌలును వెంబడించిన చిన్నదానికి పట్టిన దయ్యమును లూకా పుతోను అన్న మాటతో పేర్కొన్నాడు (అపొ. కార్యములు 16వ అధ్యాయము). గ్రీకు పురాణములో పుతోను డెల్ఫీ స్థలమును కాపాడిన మహా సర్పము. అపొల్లో దానిని చంపి అక్కడ తన గుడి నెలకొల్పుకున్నాడని కథ. ఆ గుడిలో పుతియ అని పిలువబడే స్త్రీ సోదె చెప్పేది. నేలలోనుండి వచ్చే ఆవిరి ఆమెను ఆవేశింపజేస్తుందని ప్రాచీనులు నమ్మారు. ఆ గుడిలోనే యాజకుడుగా పనిచేసిన ప్లూటార్కు ఈ విషయమై ఆలోచించి వ్రాశాడు. భూకంపములవలన గాని, అధిక వర్షములవలన గాని ఇట్టి ఆవిరుల దారి మళ్లిపోవుట, సన్నగిల్లుట జరుగవచ్చునని ఆయన అన్నాడు. తన గుడి మహిమ తగ్గిపోవుటకు భూగర్భములో కారణము వెదికిన యాజకుడు! 1892లో ఫ్రెంచివారు అక్కడ త్రవ్వకములు మొదలుపెట్టి, పగులు గాని ఆవిరి గాని కనబడలేదని చెప్పినందున, ఒక శతాబ్దము పాటు ప్లూటార్కు మాటను పండితులు కట్టుకథగానే భావించారు. 2001లో డి బోర్, హేల్ మొదలైనవారు గుడి క్రింద రెండు పగుళ్లు కలుస్తున్నవని, ఎథిలీన్ వాయువు జాడలున్నవని ప్రకటించారు. ఆ వాయువు విషయములో వివాదము తీరలేదు గాని పగుళ్లను ఎవరూ కొట్టివేయలేదు. క్రీ.పూ. 373లో ఆ గుడి కూలిపోతే, గ్రీకులు స్థలము మార్చలేదు. అదే పునాదుల మీద మళ్లీ కట్టారు.

హియెరాపొలి విషయము ఇంకా స్పష్టము. అక్కడి అపొల్లో గుడి పగులు మీదనే ఉన్నది. దాని ప్రక్కన ప్లూటోనియము అని పిలువబడిన గుహ ఉండేది. పాతాళ దేవతయైన ప్లూటో ద్వారమని దాని అర్థము. స్ట్రాబో అను భూగోళ రచయిత స్వయముగా చూచి వ్రాశాడు. లోపలికి తోలిన ఎద్దులు పడి చచ్చేవట. ఆయన పిచ్చుకలను విసరి చూడగా అవి వెంటనే ప్రాణము విడిచాయట. కుబేలె దేవత సేవకులైన నపుంసకులు మాత్రము లోపలికి పోయి క్షేమముగా తిరిగి వచ్చేవారట. దేవత శక్తి అని జనులు అనుకున్నారు. స్ట్రాబో మాత్రము వారు ఊపిరి బిగబట్టి ఉండవచ్చునన్న అనుమానము కూడా వ్రాసిపెట్టాడు.

ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్రాంచెస్కో దాంద్రియా బృందము ఆ ద్వారమును కనుగొన్నట్లు 2013లో ప్రకటించింది. త్రవ్వుచున్న దినములలో కూడా పక్షులు దగ్గరికి వచ్చి చచ్చిపోయాయి. 2018లో హార్డీ ఫాన్జ్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కొలతలు ప్రచురించారు. పగులు గుండా వచ్చేది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్. అది గాలికంటె బరువైనది గనుక నేలబారున చెరువు నీటివలె నిలుస్తుంది. రాత్రివేళ, తెల్లవారుజామున దట్టముగా ఉంటుంది, ఎండ వచ్చిన కొద్దీ చెదరిపోతుంది. ఎద్దు ముక్కు క్రింద ఉంటుంది, నిలబడిన మనిషి ముక్కు పైన ఉంటుంది. ఎద్దు చచ్చుట, పూజారి బ్రతుకుట అను అద్భుతమునకు ఆధారము ఇంతే. ఎప్పుడు లోపలికి వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి అన్నది ఆ పూజారులకు అనుభవముతో తెలిసి ఉండాలి.

ఇక్కడివరకు స్టూవర్ట్ వాదము బలముగానే ఉన్నది. అయితే మేము దానిని యథాతథముగా అంగీకరించలేము. ఏజియన్ ప్రాంతమంతా పగుళ్ల మయము. ఎక్కడ గుడి కట్టినా ఏదో ఒక పగులుకు దగ్గరలోనే పడుతుంది. పైగా నీటి ఊటలు పగుళ్ల వెంబడి పుడతాయి, నీరున్న చోట ఊరు వెలుస్తుంది, ఊరున్న చోట గుడి వెలుస్తుంది. గుడికీ పగులుకూ మధ్య ఉన్న అసలు లంకె భయము కాదు, త్రాగునీరు కావచ్చును. వాదము నిలవాలంటే గుడులతోపాటు సంతలు, స్నానశాలలు, గొఱ్ఱెల దొడ్లు ఎన్ని పగుళ్ల మీద ఉన్నవో కూడా లెక్కించి పోల్చాలి. ప్రతి గుడీ పగులు మీదనే ఉన్నదని స్టూవర్ట్ కూడా అనలేదన్నది ఆయన పక్షమున చెప్పవలసిన మాట.

ఎఫెసు సాక్ష్యము మరీ ఆసక్తికరమైనది, ఎందుకంటే అక్కడ ఒక ప్రాచీన రచయిత స్థల నిర్ణయమునకు కారణమును సూటిగా చెప్పాడు. ఏడు వింతలలో ఒకటైన అర్తెమిదేవి గుడిని చిత్తడి నేలలో కట్టారని, భూకంపము తగలకుండా, నేల చీలుతుందన్న భయము లేకుండా అట్లు చేశారని ప్లినీ వ్రాశాడు. మెత్తని నేలలో పునాది నిలుచుటకు క్రింద దంచిన బొగ్గును, ఉన్ని తోళ్లను పరిచారని కూడా అన్నాడు. అనగా హియెరాపొలిలో పగులును వెదకి గుడి కడితే, ఎఫెసులో పగులునుండి పారిపోయి గుడి కట్టారు! రెండు చోట్లా భూకంపమే కారణము, నిర్ణయము మాత్రము ఎదురెదురు. మెత్తని నేల కంపనమును తగ్గించదు, పెంచుతుందని నేటి ఇంజినీర్లు చెబుతారు. ఆ చిత్తడి గుడికి చేసిన కీడు వేరే విధముగా వచ్చింది. క్రీ.పూ. 7వ శతాబ్దములోనే అక్కడి తొలి గుడిని వరద ముంచిందని త్రవ్వకములలో తేలింది. కాలక్రమములో నదీ ఒండ్రు ఆ స్థలమును ఎంతగా కప్పివేసినదంటే, జె. టి. వుడ్ అను ఆంగ్లేయుడు ఏండ్ల తరబడి వెదకి, 1869లో సుమారు 20 అడుగుల లోతున దాని నేలను కనుగొన్నాడు.

హియెరాపొలిలో క్రైస్తవులు ఏమి చేశారన్నది మనకు ముఖ్యము. క్రైస్తవ యుగములో ప్లూటోనియము మూసివేయబడింది. దాని మీద వారు తమ ప్రధాన స్మారకమును కట్టలేదు. పట్టణమునకు వెలుపల కొండమీద, 5వ శతాబ్దపు తొలి భాగములో, ఫిలిప్పు హతసాక్షి స్మారక మందిరమును ఎనిమిది మూలలతో కట్టారు. ఫిలిప్పు హియెరాపొలిలో నిద్రించాడని ఎఫెసు అధ్యక్షుడైన పొలిక్రటీసు 2వ శతాబ్దపు చివరనే సాక్ష్యమిచ్చాడు. 2011లో ఆ మందిరమునకు సమీపములోనే ఒక సమాధి బయటపడగా, అది ఫిలిప్పుదని దాంద్రియా ప్రకటించాడు. స్థలమును పవిత్రపరచునది భూమిలోని పగులు కాదు, విశ్వాసి సమాధి. స్థల నిర్ణయములో ఇది పెద్ద మార్పు. అయినను భూమి ఈ భేదమును పాటించలేదు. 7వ శతాబ్దపు భూకంపములో అపొల్లో కట్టడములతోపాటు ఫిలిప్పు మందిరము కూడా పాడైపోయింది.

ఫిలదెల్ఫియ, లవొదికయ

క్రీ.శ. 17లో ఒక రాత్రి చిన్న ఆసియాలోని పన్నెండు పట్టణములు కూలిపోయాయి. మానవ జ్ఞాపకములో ఇంత పెద్ద భూకంపము లేదని ప్లినీ అన్నాడు. సార్దీసుకు ఎక్కువ నష్టము జరిగినందున తిబెరి కైసరు కోటి సెస్టెర్సుల సహాయము వాగ్దానము చేసి, ఐదేండ్ల పన్ను మాఫీ చేశాడని టాసిటస్ వ్రాశాడు. పన్ను మాఫీ పొందిన పట్టణముల జాబితాలో ఫిలదెల్ఫియ కూడా ఉన్నది. ఆ తరువాత కూడా ఫిలదెల్ఫియకు కంపములు తప్పలేదు. అక్కడి గోడలు దినదినము బీటలు వారుతున్నవని, అందుచేత జనులలో ఎక్కువమంది ఊరి వెలుపల పొలములలో కాపురముంటున్నారని, ఇట్టి చోట పట్టణము కట్టినవారి తెలివికి ఆశ్చర్యపడవలసినదేనని స్ట్రాబో వ్యాఖ్యానించాడు. కైసరు చేసిన మేలునకు కృతజ్ఞతగా ఆ పట్టణము నియొకైసరియ అన్న కొత్త పేరు పెట్టుకొన్నది. వెస్పాసియను కాలములో ఫ్లావియ అన్న మరొక పేరు చేరింది.

ఈ నేపథ్యముతో ప్రకటన 3వ అధ్యాయములోని ఫిలదెల్ఫియ లేఖను చదివితే మాటలకు బరువు పెరుగుతుంది. జయించువానిని దేవుని ఆలయములో స్తంభముగా నిలుపుట, అతడు మరెన్నడు వెలుపలికి పోకుండుట, అతనిమీద కొత్త పేరు వ్రాయుట అను మూడు వాగ్దానములు ఆ లేఖలో ఉన్నవి. గోడ బీటలు వారిన ప్రతిసారి ఊరి వెలుపలికి పరుగెత్తినవారికి, స్తంభములు పడిపోవుట కన్నులార చూచినవారికి, కైసరు పేరును తమ ఊరిపేరుగా మోసినవారికి ఈ మాటలు ఎట్లు వినబడి ఉంటాయో మనము ఊహించుకోవచ్చును. ఈ సంబంధమును విలియం రామ్సే 1904లో తన గ్రంథములో విపులముగా చూపాడు. కాలిన్ హేమర్ 1986లో మరింత జాగ్రత్తతో పరిశీలించాడు. ప్రతి మాటకు స్థానిక చరిత్రలో మూలము వెదకుట అతి అవుతుందన్న విమర్శ ఉన్నది, అది న్యాయమైనదే. కాని స్తంభము, వెలుపలికి పోకుండుట, కొత్త పేరు మూడూ ఒకేచోట రావడము వట్టి యాదృచ్ఛికమని మాకు తోచదు.

ఇక లవొదికయ. క్రీ.శ. 60లో భూకంపము ఆ పట్టణమును పడగొట్టిందని, రోమా సహాయము లేకుండానే తన సొంత ధనముతో అది తిరిగి లేచిందని టాసిటస్ ఒక్క వాక్యములో చెప్పి విడిచిపెట్టాడు. క్రీ.శ. 79లో నికొస్త్రాటస్ అను ధనికుడు అక్కడ క్రీడాస్థలము కట్టించి వెస్పాసియను చక్రవర్తికి అంకితము చేశాడు. నాకేమియు కొదువ లేదని ఆ సంఘము అనుకుంటున్నదన్న గద్దింపు వెనుక ఈ గర్వమున్నదని చాలామంది వ్యాఖ్యానకర్తలు భావిస్తారు. మేము కూడా అట్లే భావిస్తున్నాము. అయితే ఇక్కడ క్రమమును గమనించాలి. భూకంపము ముందు, గద్దింపు తరువాత. ప్రకటన గ్రంథము ఎక్కువమంది ఒప్పుకొనునట్లు మొదటి శతాబ్దపు చివరి దశకములోనిదైతే, అప్పటికి ఆ భూకంపము జరిగి ముప్పది అయిదేండ్లు. కాబట్టి ఆ భూకంపము నులివెచ్చదనమునకు వచ్చిన తీర్పు అనుటకు వీలు లేదు. ఒకవిధముగా చెప్పాలంటే, భూకంపము నుండి లేచిన తీరే వారికి శోధన అయింది.

తరువాతి శిథిలత సంగతి ఏమిటి? లవొదికయ గద్దింపు విన్న వెంటనే పాడైపోలేదు. 4వ శతాబ్దపు రెండవ భాగములో అక్కడ ఒక ప్రాంతీయ సభ కూడి, సంఘ క్రమమును గూర్చి అనేక నియమములు చేసింది. ఆ సభ పేరుమీద ఉన్న 60వ నియమములో పరిశుద్ధ గ్రంథముల జాబితా ఉన్నది. అందులో ప్రకటన గ్రంథము లేదు! తమను గద్దించిన పుస్తకమునే జాబితాలో చేర్చలేదని నవ్వుకోవచ్చును గాని, ఆ నియమము తరువాత చేర్చబడినదని పలువురు పండితులు అంటారు గనుక దానిమీద ప్రసంగము కట్టవద్దు. టర్కీ పురావస్తు శాఖవారు 2010లో నేలలోనికి తరంగములు పంపి చూచే యంత్రముతో అక్కడ ఒక పెద్ద సంఘ మందిరమును కనుగొన్నారు. అది 4వ శతాబ్దపు ఆరంభములోనిది. ఇంత పాత మందిరములు లోకములో చాల కొద్దిగా ఉన్నవి. పట్టణము చివరకు 7వ శతాబ్దపు ఆరంభములో వచ్చిన భూకంపముతోనే మూతపడింది. అనగా లేఖ వ్రాయబడిన తరువాత అయిదు వందల ఏండ్లు ఆ సంఘము బ్రతికింది. ఆ ఏండ్లలో ఎందరు మారుమనస్సు పొందారో మనకు తెలియదు. ఆ మందిరపు గచ్చునేలను చూచిన తరువాత లవొదికయను శాపగ్రస్తమైన రాళ్ల కుప్ప అనుట మాకు నోరు రాదు.

ఫిలదెల్ఫియ మీదను ఇదే పరీక్ష పెట్టాలి. గద్దింపు లేకుండా పొగడ్త పొందిన రెండు సంఘములలో అది ఒకటి. రెండవది స్ముర్న. ఫిలదెల్ఫియ భూకంపములకు నిలయము. నేడు అలషెహిర్ అని పిలువబడు ఆ ఊరు 1969 మార్చిలో కూడా భూకంపమునకు గురియైంది. స్ముర్న క్రీ.శ. 178 ప్రాంతములో నేలమట్టమైంది. భూకంపము శిక్ష అయితే శిక్ష పడవలసిన చోట కొంచెమూ, పడకూడని చోట మిక్కిలిగానూ పడింది! అలషెహిరులో ప్రాచీన మందిరపు భారీ స్తంభములు కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి. వాటిని చూపించి వాగ్దానము నెరవేరిందని చెప్పు యాత్రా మార్గదర్శకులున్నారు. మంచి ఉద్దేశముతోనే చెబుతారు, కాని ఆ వాగ్దానము రాతి స్తంభములకు చేసినది కాదు గదా.

అంతియొకయను కూడా ఇక్కడ తలంచాలి. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన ఆ పట్టణములో 526 మే నెలలో, ఆరోహణ పండుగ సమయములో యాత్రికులతో ఊరు నిండి ఉండగా భూకంపము వచ్చింది. చనిపోయినవారు రెండున్నర లక్షలని ప్రాచీన లేఖకులు చెప్పారు. 528లో మరొకటి రాగా, ఊరి పేరును థియొపొలి, అనగా దేవుని పట్టణము అని మార్చారు. అదే స్థలమైన అంతాక్యలో 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపములో ఆర్థడాక్సు సంఘ మందిరము కూలింది. ఆ మందిరము 1872 భూకంపములో పడి, తరువాత తిరిగి కట్టబడినదే.

మన తీరము

ఇదంతా దూరదేశపు సంగతి అని మన పాఠకులు అనుకోనక్కరలేదు. 1864 నవంబరు 1న మచిలీపట్నము మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1841లో అక్కడికి వచ్చి, 1843లో పాఠశాల తెరచిన రాబర్ట్ నోబుల్ దొర ఆ మరుసటి ఏడు, 1865లో అదే ఊరిలో కన్నుమూశాడు. మిషను అక్కడినుండి లేచిపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా ప్రాణములు పోయాయి. ఇట్టి ప్రతి విపత్తు తరువాత పాపము, తీర్పు అను మాటలతో ప్రసంగములు వినబడతాయి. చనిపోయినవారిలో అధిక భాగము పూరి గుడిసెలలో ఉన్న కూలీలు, జాలరులు అన్న సంగతి ఆ ప్రసంగములలో వినబడదు. పక్కా డాబాలో ఉన్నవాని పాపము తక్కువైనందున అతడు బ్రతికాడా? సిలోయములోని గోపురము కూలి చనిపోయిన పదునెనిమిది మందిని గూర్చి మన ప్రభువు లూకా సువార్త 13వ అధ్యాయములో అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు మనకు తెలియనివి కావు.

స్థలమునకూ విపత్తుకూ గల సంబంధము మన దక్షిణ దేశములో ఒకచోట కండ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. తెలుగు జిల్లాలనుండి కూడా వేలాదిమంది వెళ్లే వేళాంగణి క్షేత్రము పుట్టుక ఒక తుపాను కథ. 17వ శతాబ్దములో తుపానులో చిక్కిన పోర్చుగీసు నావికులు, ఒడ్డుకు చేరితే అక్కడ గుడి కట్టిస్తామని మ్రొక్కుకొని, చేరిన చోట కట్టించారని సంప్రదాయము. అనగా సముద్రము దయచూపిన స్థలమని దాని పేరు. 2004 డిసెంబరు 26న అదే సముద్రము సునామీగా వచ్చింది. నాగపట్నము జిల్లాలో ఆరు వేలకు పైగా చనిపోయారు. నీరు మందిరము లోపలికి రాలేదు. ఒడ్డున, అంగళ్లలో, వీధులలో ఉన్న యాత్రికులు వందలాదిగా కొట్టుకుపోయారు. మందిరము నిలిచినందుకు అద్భుతమని అనేకులు స్తుతించారు. ఆ సంతోషమును మేము ఎగతాళి చేయము. రోమను కథోలిక సహోదరుల భక్తిమీద తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఒక కాపరి ఉదయము ఆ స్తుతి చెప్పి, మధ్యాహ్నము కొట్టుకుపోయిన యాత్రికురాలి బిడ్డల ముందు నిలబడి ఏ మాట చెప్పగలడు? గోడలను కాపాడినవాడు ఆమెను ఎందుకు కాపాడలేదని ఆ బిడ్డలు అడిగితే, ఉదయపు ప్రసంగములో దానికి జవాబు లేదు.

కొలొస్సయి, ఖోనె

ఇదే ప్రశ్న తొమ్మిది వందల ఏండ్ల క్రిందట లైకస్ లోయలోనే పుట్టింది. దానికి కొలొస్సయి చరిత్ర కొంత తెలియాలి. కొలొస్సయివద్ద లైకస్ నది నేలలోని బిలములోనికి దిగి మాయమై, కొంత దూరమున మళ్లీ పైకి వస్తుందని హెరొడోటస్ క్రీ.పూ. 5వ శతాబ్దములోనే వ్రాశాడు. క్రీ.శ. 60 ప్రాంతపు భూకంపములో లవొదికయతోపాటు కొలొస్సయి, హియెరాపొలి కూడా పడిపోయినవని యూసేబియస్ చెప్పాడు. పౌలు పత్రికలో ఆ ప్రస్తావన లేనందున పత్రిక భూకంపమునకు ముందు వ్రాయబడి ఉండునని కొందరు అంటారు. ఆ భూకంపముతో కొలొస్సయి అంతరించిందని మన వ్యాఖ్యాన గ్రంథములు కొన్ని చెప్పుట మాత్రము సరికాదు. 2వ, 3వ శతాబ్దములలో ఆ పట్టణము వేసిన నాణెములు దొరికాయి.

కొలొస్సయి పత్రిక 2వ అధ్యాయములో పౌలు దేవదూతారాధన విషయమై హెచ్చరించాడు. మూడు శతాబ్దముల తరువాత, కొద్ది మైళ్ల దూరములో కూడిన లవొదికయ సభ తన 35వ నియమములో దేవదూతలను పేరుపెట్టి పిలిచి ఆరాధించుటను నిషేధించింది. 5వ శతాబ్దములో థియొడొరెట్ ఆ పత్రికకు వ్యాఖ్యానము వ్రాస్తూ, ఆ ప్రాంతములో మిఖాయేలు ప్రార్థనాస్థలములు ఇంకా ఉన్నవని గుర్తుచేశాడు. అపొస్తలుడు వద్దన్నాడు, సభ వద్దన్నది, అయినను ఆ భక్తి పోలేదు. ఎందుకు పోలేదు? భూమి దానిని పోనివ్వలేదని మా ఊహ. నది మ్రింగబడే బిలము, మాటిమాటికి అదిరే నేల, ఒక స్వస్థత ఊట ఉన్న చోట కాపాడువాడొకడు దగ్గరలో ఉండాలని జనుల మనస్సు కోరుకుంది.

ఆ కోరికకు రూపమిచ్చినది ఖోనె అద్భుత కథ. అర్ఖిప్పు అను పరిచారకుడు ఊటవద్దనున్న మిఖాయేలు ప్రార్థనాస్థలమును కాచేవాడట. ఆ పేరు కొలొస్సయి పత్రిక చివర కనబడు అర్ఖిప్పు పేరే, కాని ఈ కథలోనివాడు వేరు. అన్యులు ఆ స్థలమును ముంచివేయుటకు రెండు నదులను కలిపి దానిమీదికి మళ్లించారు. అప్పుడు ప్రధానదూత దిగివచ్చి బండను కొట్టగా అది చీలి, నీరంతా ఆ చీలికలోనికి గరాటలో పోసినట్లు పోయింది. ఖోనె అను పేరునకు గ్రీకులో గరాటలనియే అర్థము. తూర్పు సంఘములు నేటికీ సెప్టెంబరు 6న దీనిని స్మరిస్తాయి. హెరొడోటస్ చూచిన బిలమే వేయి ఏండ్ల తరువాత ప్రధానదూత కొట్టిన బండ అయిందనుట స్పష్టము. ఇందులో భూకంపము, వరద రెండూ ఒకే రక్షణ కథగా కలిసిపోయాయి. భూమి చీలుట ఇక్కడ కీడు కాదు, మేలు. ఎనిమిదవ శతాబ్దము నాటికి జనులు కొలొస్సయి దిబ్బను వదలి, కాద్మస్ కొండ పాదమున ఖోనెలో స్థిరపడ్డారు. నేటి పేరు హోనజ్. ప్రధానదూత మందిరము పెద్ద యాత్రాస్థలమైంది.

1070లో తురుష్కులు ఖోనె మీద పడి ఆ మందిరమును దోచుకున్నారు. ఆ కాలమువాడైన మిఖాయేల్ అట్టలైయాటిస్ అను చరిత్రకారుడు ఈ సంగతిని వ్రాశాడు. జనులు పారిపోయి, నది దిగిపోయే బిలములలో దాగారు. ప్రధానదూత నీటిని మళ్లించి తన మందిరమును కాపాడిన చోటు అదే గనుక అంతకంటె క్షేమమైన స్థలము వారికి తోచలేదు. నది పొంగింది. దాగినవారు దాగిన చోటనే మునిగిపోయారు. శత్రువులే గాక ప్రకృతి కూడా తమ మీద లేచిందని, ఇది దైవకోపమని అట్టలైయాటిస్ భావించాడు. మునిగిపోయినవారి పేర్లు ఆయన వ్రాయలేదు. వారు ఏ పాపము చేశారో కూడా వ్రాయలేదు.